17 వేల మంది ఉన్నా అది పల్లెటూరే: కాటింగ్‌హామ్ ఎందుకు పట్టణం కాలేదు

ఇంగ్లండ్ తూర్పు తీరాన, హంబర్ నదీముఖం ఒడ్డున హల్ అనే రేవు నగరం ఉంది. దానికి వాయవ్యంగా కాటింగ్‌హామ్ ఉంటుంది. నగరపు చివరి ఇళ్ళకీ ఈ ఊరి మొదటి ఇళ్ళకీ మధ్య కొన్ని పొలాలు, ఆటస్థలాలు తప్ప ఏమీ మిగల్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 17,164 మంది ఉన్నారు. రైల్వే స్టేషను ఉంది, హైస్కూలు ఉంది. హాల్‌గేట్, కింగ్ స్ట్రీట్ అనే రెండు వీధుల నిండా దుకాణాలున్నాయి. గురువారం సంత జరుగుతుంది. హల్ ప్రాంతమంతటికీ గుండె జబ్బులకు, క్యాన్సర్‌కు వైద్యం చేసే పెద్దాసుపత్రి ఊరి పొలిమేరలోనే ఉంది. ఇన్ని హంగులున్న చోటుని మనం పట్టణం అనేస్తాం. అక్కడివాళ్ళు మాత్రం 'విలేజ్' అంటారు. ఇంగ్లండ్ మొత్తంలో అతి పెద్ద విలేజ్ తమదేనని కూడా చెప్పుకుంటారు.

ఆ మాటకు పోటీ లేకపోలేదు. సముద్రతీరంలోని లాన్సింగ్, ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కిడ్లింగ్టన్, సర్రీలోని క్రాన్లీ కూడా అదే గొప్ప చెప్పుకుంటాయి. ఎవరిది పెద్దదో తేల్చడం నా ఉద్దేశం కాదు. నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. మామూలుగా ఊళ్ళు పెద్దవైతే పట్టణాలు కావాలనుకుంటాయి. ఈ ఊరు పల్లెగానే ఉండాలని ఎందుకు పట్టుబడుతోంది? అసలు ఇంగ్లండ్‌లో ఏది పల్లె, ఏది పట్టణం అని ఎవరు నిర్ణయిస్తారు?

జనాభాని బట్టి మాత్రం కాదు. పెద్ద కెథడ్రల్ ఉన్న వెల్స్‌లో 2011లో పది వేల ఐదొందల మందే ఉన్నారు, అయినా అది నగరం. ఎసెక్స్‌లోని మానింగ్‌ట్రీలో అప్పటికి వెయ్యి మంది కూడా లేరు, అది పట్టణం. నగరమన్న హోదా రాజుగారో రాణిగారో పత్రం రాసి ఇవ్వాల్సిందే. హల్‌కి ఆ హోదా 1897లో విక్టోరియా రాణి కాలంలో వచ్చింది. పట్టణం అనిపించుకోవడానికి పూర్వం సంత పెట్టుకునే హక్కు ఉంటే చాలు, దాన్ని కూడా రాజే ఇచ్చేవాడు. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం వచ్చాక దారి ఇంకా సులువైంది. పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) సమావేశమై 'ఇకనుంచి మాది పట్టణం' అని తీర్మానం చేసుకుంటే అది టౌన్ కౌన్సిల్ అయిపోతుంది, అధ్యక్షుణ్ణి మేయర్ అని పిలుచుకోవచ్చు. ఇక విలేజ్ అంటే ఏమిటో చట్టంలో నిర్వచనమే లేదు. నగరమూ పట్టణమూ కానిదంతా విలేజే అనుకోవాలి.

మన దగ్గర గ్రామ పంచాయతీ మున్సిపాలిటీగా మారాలంటే ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఊరివాళ్ళు పన్నులు పెరుగుతాయని వద్దన్నా, హోదా కావాలని ధర్నా చేసినా చివరి మాట సచివాలయానిదే. ఇంగ్లండ్‌లో ఆ చివరి మాట ఊరి చేతిలోనే ఉంది. కాటింగ్‌హామ్‌కి దక్షిణాన కొద్ది మైళ్ళలో హెసిల్ ఉంది. జనాభాలో దీనికన్నా చిన్నదే అయినా దానికి టౌన్ కౌన్సిల్ ఉంది. పక్కపక్క ఊళ్ళు రెండూ ఒకే నగరానికి ఆనుకుని పెరిగాయి. ఒకటి పట్టణమనుకుంది, ఇంకొకటి ఊరుగానే మిగిలింది. కారణం తెలియాలంటే కాటింగ్‌హామ్ చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్ళాలి.

ముందు పేరు చూద్దాం. కాటింగ్‌హామ్ అంటే కొట్టా అనే మనిషి తాలూకు జనం కాపురమున్న చోటు. అది ఆంగ్లో-శాక్సన్ పేరు. ఊళ్ళో వీధుల పేర్లు మాత్రం వేరే జాతి వాళ్ళవి. హాల్‌గేట్, నార్త్‌గేట్, కెల్డ్‌గేట్ అన్నప్పుడు 'గేట్' అంటే తలుపు కాదు, వైకింగుల భాషలో వీధి. 'కెల్డ్' అంటే ఊట. ఇంకో వీధి పేరులోని 'థ్వెయిట్' అంటే అడవి కొట్టి చదును చేసిన నేల. శాక్సన్లు కట్టిన ఊళ్ళోకి డేన్‌లు, అంటే డెన్మార్క్ వైకింగులు వచ్చి స్థిరపడ్డారని ఈ పేర్లే చెబుతాయి. ఊరికి పడమర వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టలున్నాయి. వాటిమీద కురిసిన వాన రాతిలోకి ఇంకి, ఊరి దగ్గర ఊటలుగా పైకి వస్తుంది. తూర్పున హల్ నది దాకా అంతా చిత్తడి. 1086లో విలియం రాజు దేశమంతా లెక్కలు తీయించినప్పుడు, ఈ ఊరి చేపల పట్టులనుంచి ఏటా వేల కొద్దీ మలుగుపాములు శిస్తుగా వచ్చేవని రాసుకున్నారు. ఒక పక్క మంచినీరు, ఇంకో పక్క చేపలు, మధ్యలో మెరక పొలం. ఊరు వెలియడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

13వ శతాబ్దం మొదట్లో జాన్ రాజు ఈ ఊరి ప్రభువు విలియం డి స్టూట్‌విల్‌కి సంత జరుపుకునే హక్కు, ఇంటికి కోట కట్టుకునే అనుమతి ఇచ్చాడు. పాత కొలత ప్రకారం చూస్తే కాటింగ్‌హామ్ 800 ఏళ్ళ కిందటే పట్టణం అయిపోవచ్చు. తర్వాత పెళ్ళి సంబంధం ద్వారా ఊరు వేక్ వంశానికి వచ్చింది. థామస్ వేక్ 1320లలో ఇక్కడ అగస్టీనియన్ సాధువులకు మఠం పెట్టబోయాడు. ఆ స్థలం మీద శాశ్వత హక్కు కుదరకపోవడంతో దాన్ని దక్షిణాన ఇంకో చోటికి మార్చి హాల్టెంప్రైస్ అని పేరు పెట్టాడు. 'ఘనమైన ప్రయత్నం' అని ఆ ఫ్రెంచి మాటకు అర్థం. ఈ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

వేక్‌ల కోట గురించి ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. హల్‌కి వచ్చిన ఎనిమిదో హెన్రీ, వేక్ ప్రభువు భార్య చాలా అందగత్తె అని విని, మీ ఇంటికి వస్తానని కబురు పెట్టాడట. ప్రభువుకు గుండె జారింది. రాజు వచ్చేలోగా కోటకు తన చేత్తోనే నిప్పంటించి, కాలిపోయింది ప్రభూ అని చెప్పించాడట. వినడానికి బాగుంటుంది గానీ లెక్క కుదరదు. థామస్ వేక్ 1349లో పిల్లలు లేకుండా చనిపోయాడు. ఆస్తి అతని తోబుట్టువు మార్గరెట్ ద్వారా ఆమె కూతురు జోన్‌కి పోయింది. 'కెంట్ సుందరి'గా పేరుపడ్డ జోన్, బ్లాక్ ప్రిన్స్ అనే ఇంగ్లండ్ యువరాజుని పెళ్ళాడి రెండో రిచర్డ్ రాజుకు తల్లయింది. హెన్రీ పుట్టేనాటికి వేక్ ప్రభువులు పోయి 140 ఏళ్ళు దాటింది. కథలో నిజమైనదేదైనా ఉంటే అది ఊరి మనసు. పెద్దవాళ్ళు మన జోలికి రాకూడదన్న తలంపు అందులో కనిపిస్తుంది.

ఆ తలంపు నీళ్ళ విషయంలో గొడవగా మారింది. హల్ రేవుకి ఎప్పుడూ మంచినీటి కరువే. చుట్టూ ఉన్నది ఉప్పునీరు. వోల్డ్స్ గుట్టల కింది ఊటలనుంచి కాలువ తవ్వుకుని నీళ్ళు తెచ్చుకోవాలని 14వ శతాబ్దంలో నగరం ప్రయత్నించింది. మా ఊటలు ఎండిపోతాయి, పచ్చిక బీళ్ళు మాడిపోతాయి అని కాటింగ్‌హామ్, ఆన్లబీ మొదలైన ఊళ్ళవాళ్ళు అడ్డం తిరిగారు. కాలువలు పూడ్చారు. నీళ్ళలో చచ్చిన జంతువుల్ని వేశారు, ఉప్పునీరు కలిపారు. ఒక దశలో గుంపులుగా హల్ మీదికే వెళ్ళారు. చివరికి చర్చి పెద్దలు కలగజేసుకుని, ఇది పాపమని హెచ్చరించాల్సి వచ్చింది. ఈ ఊరివాళ్ళని తప్పుపట్టడం నాకు చేతకాదు. దాహం వేసే నగరానికి నీళ్ళు ఇవ్వకపోవడం దుర్మార్గమే, కానీ నగరం నీళ్ళు తీసుకున్నాక ఎండిపోయిన ఊళ్ళని మనమూ చూశాం.

తర్వాతి 300 ఏళ్ళు త్వరగా దాటేయవచ్చు. సెయింట్ మేరీ చర్చి, అందులో 1383లో చనిపోయిన మతాధికారి నికొలస్ డి లూత్ ఇత్తడి ఫలకం, 18వ శతాబ్దంలో మార్క్ కర్బీ అనే హల్ వర్తకుడి సొమ్ముతో నడిచిన ఉచిత బడి, ఇవి ఇప్పటికీ కనిపించే గుర్తులు. అసలైన మార్పు 18వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో చాలా ఊళ్ళలో పొలం పెద్ద పెద్ద ముక్కలుగా ఉండి, ఒక్కో రైతుకు అక్కడక్కడా చాళ్ళు ఉండేవి. పంట కోశాక అందరి పశువులూ అన్నిచోట్లా మేసేవి. బీడు భూమిపై పేదవాడికి కూడా ఒక ఆవును మేపుకునే హక్కుండేది. పార్లమెంటు చట్టాలు చేసి ఈ ఉమ్మడి భూముల్ని సర్వే చేయించి, ముక్కలుగా పంచి, కంచెలు వేయించింది. కాగితం మీద హక్కున్నవాడికి భూమి వచ్చింది. అలవాటు కొద్దీ మేపుకుంటున్నవాడికి ఏమీ రాలేదు. కాటింగ్‌హామ్‌లోనూ అదే జరిగింది.

దాని ఫలితం 1815 తర్వాత బయటపడింది. నెపోలియన్‌తో యుద్ధం ముగిసింది, ధాన్యం ధర పడింది, కూలి పనులు లేవు. అప్పటికి పేదల బాధ్యత పారిష్‌ది. పారిష్ అంటే మొదట ఒక చర్చి పరిధి. 1601 చట్టం పేదల పోషణను దాని నెత్తిన పెట్టడంతో అది పాలనా విభాగం కూడా అయింది. భూమి ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసి లేనివాళ్ళకి పంచేవారు. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు కాబట్టి ఎవరికి ఎంత ఇవ్వాలో చర్చిలో కూర్చుని తేల్చేవారు. పేదలు పెరిగేకొద్దీ పన్నూ పెరిగింది, విసుగూ పెరిగింది.

అప్పుడు థామస్ థామ్సన్ అనే హల్ వర్తకుడు ఒక ఆలోచన చెప్పాడు. ఆయన మెథడిస్టు శాఖ క్రైస్తవుడు, బ్యాంకరు, కొన్నేళ్ళు పార్లమెంటు సభ్యుడు. కాటింగ్‌హామ్ పడమర గుట్టమీద కోటలాంటి భవనం కట్టుకున్నాడు. ప్రతివారం డబ్బు ఇచ్చే బదులు పేద కుటుంబాలకు భూమి కౌలుకిద్దామన్నాడు. 1819లో పారిష్ సుమారు 12 ఎకరాలు 20 కుటుంబాలకు పంచి, అక్కడ గుడిసెలు వేసుకోనిచ్చింది. కూరగాయలు పండించుకుని వాళ్ళు పారిష్ సాయం లేకుండా బతకాలి, అదీ షరతు. ఆ చోటుకి 'బిచ్చగాళ్ళ తోటలు' అనదగ్గ పేరు పడింది. తర్వాత దాన్ని న్యూ విలేజ్ అన్నారు, ఆ పేరుతో వీధి ఇప్పటికీ ఉంది. కంచెలు వేసినప్పుడు పోయిన దాంట్లో చిన్న ముక్క 50 ఏళ్ళ తర్వాత దానంగా తిరిగొచ్చింది. ఈ ఊరి చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టం ఇదే. హక్కు పోయినప్పుడు ఎవరూ అడగలేదు, దానం వచ్చినప్పుడు మాత్రం మంచి నడవడిక చూపించమన్నారు. అయినా భూమి భూమే. ఆ 12 ఎకరాలు కొన్ని కుటుంబాలకు కూడు పెట్టాయి. 1834లో కొత్త పేదల చట్టం వచ్చి పోషణ బాధ్యతను చాలా పారిష్‌లు కలిసిన యూనియన్లకు అప్పజెప్పింది. ఆ తర్వాత ఇలాంటి నిర్ణయాలు ఊరి చేతిలో లేకుండా పోయాయి.

ఈలోగా హల్ పెరుగుతోంది. తిమింగలాల వేట, బాల్టిక్ కలప, నూనె మిల్లులు దానికి డబ్బు తెచ్చాయి. వర్తకులకు పొగ లేని చోట ఇల్లు కావాలి. కాటింగ్‌హామ్‌లో మేడలు లేచాయి. 1846లో హల్ నుంచి బ్రిడ్లింగ్టన్‌కు రైలు మార్గం వేసి ఇక్కడ స్టేషను పెట్టారు. ఇక రోజూ వెళ్ళి రావచ్చు. ఊరి పొలాలు నగరపు కూరగాయల తోటలయ్యాయి, తర్వాత గ్రీన్‌హౌస్‌లు నిండిపోయాయి. ఒకప్పుడు కాలువలు పూడ్చుకుని కాపాడుకున్న భూగర్భ జలాన్ని నగరపు పంపులు తోడుకున్నాయి. థామ్సన్ భవనం 1861లో కాలిపోయింది. ఆ గుట్టమీద 20వ శతాబ్దంలో నగరపు కార్పొరేషన్ ఆసుపత్రి కట్టింది, అదే ఇప్పటి కాజిల్ హిల్ ఆసుపత్రి. 1920ల చివర హల్‌లో మొదలైన విశ్వవిద్యాలయం తన విద్యార్థుల హాస్టళ్ళలో చాలావాటిని ఇక్కడే పెట్టింది. దశాబ్దాలపాటు వేల మంది కుర్రవాళ్ళు ఈ పల్లె వీధుల్లో తిరిగారు. పాత కాటింగ్‌హామ్ పారిష్ తూర్పున హల్ నది దాకా ఉండేది. అందులో కొంత ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. విశ్వవిద్యాలయం ఉన్న వీధి పేరు కూడా కాటింగ్‌హామ్ రోడ్డే.

ఇక పాలన సంగతి, ఇదే అసలు చిక్కు. 1894లో పార్లమెంటు చట్టం చేసి చర్చి పనుల్ని, ఊరి పనుల్ని విడదీసింది. 300 మంది, అంతకు మించి ఉన్న గ్రామీణ పారిష్‌లన్నిటిలో ఎన్నికైన కౌన్సిల్ ఉండాలంది. పెళ్ళయిన ఆడవాళ్ళకి కూడా అందులో ఓటు వేసే, పోటీ చేసే వీలు కల్పించింది. పార్లమెంటు ఎన్నికల్లో ఓటు రావడానికి వాళ్ళింకా 24 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. అదే చట్టం పెద్ద ఊళ్ళని 'అర్బన్ డిస్ట్రిక్ట్'లుగా చేసింది. కాటింగ్‌హామ్ ఆ జాబితాలో చేరింది. అంటే చట్టం లెక్కలో అది 1894లోనే పట్నం.

1935లో కాటింగ్‌హామ్, హెసిల్, పక్క ఊళ్ళు కలిపి ఒకే అర్బన్ డిస్ట్రిక్ట్ చేశారు. దానికి పేరు కావాలి. ఏ ఊరి పేరు పెట్టినా మిగతావాళ్ళు ఊరుకోరు. అందుకని 400 ఏళ్ళ కిందట మూతపడిన మఠం పేరు వెతికి తెచ్చి 'హాల్టెంప్రైస్' అన్నారు. 1974లో దాన్నీ రద్దు చేసి, శతాబ్దాల నాటి యార్క్‌షైర్ పేరే తీసేసి, కొత్తగా పుట్టిన హంబర్‌సైడ్ కౌంటీలో కలిపారు. ఆ పేరు జనానికి అంటలేదు. 1996లో హంబర్‌సైడ్ పోయి ఈస్ట్ రైడింగ్ ఆఫ్ యార్క్‌షైర్ (యార్క్‌షైర్ తూర్పు భాగం) తిరిగి వచ్చింది. నూరేళ్ళలో పైవాళ్ళు ఇన్నిసార్లు చిరునామా మార్చారు. అర్బన్ డిస్ట్రిక్ట్‌గా ఉన్న 80 ఏళ్ళలోనూ ఊరివాళ్ళు మాత్రం తమది విలేజ్ అనడం మానలేదు.

ఇన్ని మార్పుల మధ్య ఆ మాట ఎందుకు నిలిచిందో ఇప్పుడు తేలిగ్గానే అర్థమవుతుంది. ఇక్కడ విలేజ్ అన్నది జనాభా లెక్క కాదు, 'మేము హల్ కాదు' అని చెప్పే మాట. పట్టణం అని ఒప్పుకుంటే రేపు శివారు అంటారు, ఎల్లుండి వార్డు నంబరు ఇస్తారు. ఈ భయం ఉత్త ఊహ కాదు. 2014లో హల్ హద్దులు పెంచే మాట వచ్చినప్పుడు ఈస్ట్ రైడింగ్ కౌన్సిల్ చుట్టుపక్కల ఊళ్ళ అభిప్రాయం అడిగింది. ఓటేసిన వాళ్ళలో నూటికి 96 మంది వద్దన్నారు.

ఇప్పటి పారిష్ కౌన్సిల్ అధికారాలు చూస్తే చాలా చిన్నవి. బడులు, రోడ్లు, చెత్త, ఇళ్ళ అనుమతులు అన్నీ పై కౌన్సిల్ చూసుకుంటుంది. కౌన్సిల్ పన్ను బిల్లులో చిన్న వాటా పారిష్‌కి వస్తుంది. సభ్యులకు జీతం ఉండదు. అద్దెకు తీసుకుని కూరగాయలు పండించుకునే మడులు, పిల్లల ఆటస్థలాలు, బెంచీలు, బస్ షెల్టర్లు, ఇలాంటివే పారిష్ కౌన్సిళ్ళ చేతిలో ఉంటాయి. ఎవరైనా ఇళ్ళ కాలనీ కట్టడానికి దరఖాస్తు చేస్తే అభిప్రాయం చెప్పవచ్చు గానీ ఆపే అధికారం లేదు.

అసలు పని కౌన్సిల్ బయటే ఎక్కువ జరుగుతుంది. జూలైలో కాటింగ్‌హామ్ డే నాడు హాల్‌గేట్‌లో బళ్ళు ఆపేసి వీధంతా స్టాళ్ళు, బ్యాండు, పిల్లల ఆటలతో నింపేస్తారు. క్రిస్మస్‌కి వీధి దీపాల అలంకరణ ఊరివాళ్ళే చూసుకుంటారు. పాత కట్టడాలకు ముప్పొస్తే సివిక్ సొసైటీ రాతకోతలు మొదలుపెడుతుంది. మార్కెట్ గ్రీన్ పక్కనున్న సివిక్ హాల్లో పెళ్ళిళ్ళు, నాటకాలు, సమావేశాలు. రగ్బీ లీగ్ క్లబ్ ఉంది. 17 వేల మందికీ ఒకరికొకరు తెలియడం అసాధ్యం. అయినా నాలుగు సంఘాల్లో తిరిగే మనిషికి ఊరంతా తెలిసినట్టే ఉంటుంది. దగ్గరితనం అక్కడ వారసత్వంగా దొరకడం లేదు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు సాయంత్రాలు ఖర్చుపెట్టి తయారుచేస్తున్నారు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. పల్లె పోకూడదన్న మాట కొత్త ఇళ్ళు వద్దన్న మాటగా మారడానికి ఎంతోసేపు పట్టదు. నగరానికీ ఊరికీ మధ్య మిగిలిన పొలాల్ని ఖాళీగానే ఉంచాలని స్థానిక ప్రణాళికలో రాసుకున్నారు, అది మంచిదే. కానీ ఇల్లు దొరకని పడుచు జంటకు ఆ ఖాళీ వేరేలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఇదే పారిష్ 20 పేద కుటుంబాలకు గుడిసెల స్థలం చూపించింది. ఆ సంగతి ఊళ్ళో వాదనల మధ్య ఎవరైనా గుర్తుచేస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

2007 జూన్ 25న వోల్డ్స్ మీద కుండపోత వాన పడింది. అప్పటికే నెలంతా నానిన నేల ఇక ఇంకించుకోలేకపోయింది. నీరు గుట్టలు దిగి కాటింగ్‌హామ్ మీదుగా హల్‌లోకి ప్రవహించింది. రెండుచోట్లా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, నగరంలో వేల ఇళ్ళు మునిగాయి. నీళ్ళకి హద్దుల పట్టింపు లేదు కాబట్టి రెండు కౌన్సిళ్ళూ కలిసి కూర్చోవాల్సి వచ్చింది. ఊరి పడమటి పొలాల్లో పెద్ద పెద్ద మడుగులు తవ్వి గట్లు కట్టారు. ఇప్పుడు గట్టి వాన పడితే నీరు ముందు అక్కడ ఆగుతుంది, తర్వాత మెల్లగా కిందికి వదులుతారు. 600 ఏళ్ళ కిందట నగరానికి నీళ్ళు పోనివ్వం అని కాలువలు పూడ్చిన ఊరు, ఇప్పుడు నగరం మునగకుండా ఆ నీళ్ళని తన పొలాల్లోనే పట్టి ఉంచుతోంది.